గ్రాంటుతో నడిచే యువత కార్యక్రమం: ‘ఇంపాక్ట్’ నిజాయితీగా చూపించడం ఎలా?

పాకాల_లైన్
తిరుపతికి దగ్గర్లోని ఒక మండలంలో మా సంస్థ యువత కేంద్రం నడుపుతోంది. 16 నుంచి 24 ఏళ్ల వాళ్లు వస్తారు. కంప్యూటర్, స్పోకెన్ ఇంగ్లిష్, ఇంటర్వ్యూలకు తయారీ, బ్యాంకు పనులు నేర్పిస్తాం. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) గ్రాంటు మీద నడుస్తోంది. ఈ ఏడాది 240 మంది చేరారు. ఇప్పుడు నిధులిచ్చిన వాళ్ల దగ్గర్నుంచి ఎక్సెల్ షీటు వచ్చింది. ‘ఎంతమంది జీవితాలు మారాయి’ అని ఒక కాలమ్. ‘ఆత్మవిశ్వాసం ఎంత శాతం పెరిగింది’ అని ఇంకోటి. ‘కుటుంబ ఆదాయంలో పెరుగుదల’ అని మరోటి. వీటికి తోడు ఫొటోలు, రెండు విజయగాథలు కావాలట.

మా దగ్గర ఉన్నవి హాజరు పట్టీ, సర్టిఫికెట్లు ఇచ్చిన జాబితా, చేరిన రోజు నింపించిన ఫారం. అంతే. తెలిసిన సంస్థల వాళ్లను అడిగితే ‘ఏదో ఒక అంకె వేసెయ్యి, ఎవరు చూడొచ్చారు’ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పిల్లల్లో మార్పు రోజూ కళ్లారా చూస్తున్నాం. దాన్ని కాగితం మీద ఉన్నదున్నట్టు చూపించే దారి కావాలి. చేసినవాళ్లు చెప్పండి.

బ్యానర్_బాలు
ఆ ‘ఏదో ఒక అంకె’ జోలికి పోవద్దు. ఈ ఏడాది 80 శాతం అని వేస్తే వచ్చే ఏడాది 85 అడుగుతారు. తగ్గితే సంజాయిషీ రాసుకునేది మీరే.

ఎస్వీయూ_స్టాట్స్
ముందు మూడింటిని విడదీసుకోండి. క్లాసులెన్ని జరిగాయి, ఎంతమంది వచ్చారు, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు, ఇదంతా మీరు చేసిన పని. దీన్ని అవుట్‌పుట్ అంటారు. వచ్చినవాళ్లు ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారు, ఉద్యోగంలో నిలిచారా, మానేసిన చదువు మళ్లీ మొదలుపెట్టారా అనేది ఫలితం, అంటే అవుట్‌కమ్. ఆ ఫలితంలో మీ కేంద్రం వల్ల వచ్చింది ఎంత అనేదే ఇంపాక్ట్. మీకొచ్చిన షీటు ఈ మూడింటినీ కలగాపులగం చేసింది.

మూడోది చాలా కష్టం. శ్రీసిటీ పారిశ్రామికవాడలోనో రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనో ఫ్యాక్టరీ కొత్త లైన్ తెరిచి, ఊళ్లకు బస్సులు పంపి మనుషుల్ని తీసుకుంటున్న ఏడాది అనుకోండి. మీ కేంద్రం గడప తొక్కని అమ్మాయికీ ఉద్యోగం వస్తుంది. మీ దగ్గర నేర్చుకున్న వాళ్లలో 60 మందికి వచ్చిందంటే ఆ 60 మీ ఖాతాలో వేసుకోలేరు. ‘మేం లేకపోతే వీళ్లలో ఎందరికి వచ్చేది’ అన్న ప్రశ్నకు జవాబు ఉంటేనే అది ఇంపాక్ట్. ఆ జవాబు లేనప్పుడు ఫలితం దగ్గరే ఆగండి. అందులో చిన్నతనమేమీ లేదు.

శ్రీసిటీ_షిఫ్ట్
పై మాట నిజం. మా పిన్ని కూతురు ఏ ట్రైనింగూ లేకుండానే చేరింది. ఇంటర్ మెమో, ఆధార్, కంటి పరీక్ష. అంతే అడిగారు.

సీఎస్ఆర్_డెస్క్
నేను నిధులిచ్చే వైపు కూర్చుంటాను. మా వైపు సంగతి కూడా వినండి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. 2021 జనవరిలో నిబంధనలు మార్చి ఇంపాక్ట్ అసెస్‌మెంట్ తప్పనిసరి చేశారు గానీ, అది అందరికీ కాదు. మూడేళ్ల సగటున సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీలకే. అదీ కోటి రూపాయలకు తక్కువ కాని ప్రాజెక్టులకు, అవి ముగిసి ఏడాది దాటాక, బయటి సంస్థతో చేయించాలి. మండలంలో నడిచే కేంద్రానికి వచ్చే గ్రాంటు ఆ హద్దును తాకడం అరుదు. కాబట్టి ఆ షీటు చట్టం అడిగింది అయ్యుండదు. వార్షిక నివేదికలో ఒక పేజీ నింపడానికి ఎవరో తయారుచేసింది.

నా అనుభవంలో ‘ఈ వివరం మేం సేకరించలేదు, వచ్చే ఏడాది ఇలా సేకరిస్తాం’ అని రాసిన సంస్థ మీద నమ్మకం పెరుగుతుంది. అన్ని గడులూ 90 శాతాలతో నిండిన షీటు చూస్తేనే నాకు అనుమానం.

కుప్పం_ప్యాసింజర్
మీకు పెరుగుతుందేమో సార్. మేం సేకరించలేదని ఉన్నమాట రాస్తే మాకు రెన్యూవల్ రాలేదు. అదే మండలంలో ‘5,000 జీవితాల్లో వెలుగు’ అని రాసిన వాళ్లకు వచ్చింది. ఆ మండలంలో ఆ వయసు పిల్లలు 5,000 మంది ఉన్నారో లేదో కూడా ఎవరూ అడగలేదు.

సీఎస్ఆర్_డెస్క్
కుప్పం అన్నా, అలా జరుగుతోంది, కాదనను. అందుకే ఏం కొలుస్తామో ఒప్పందం మీద సంతకానికి ముందే తేల్చుకోవాలి. ఏడాది చివర్లో షీటు వచ్చాక వాదనకు దిగితే ఓడేది సంస్థే.

గంగమ్మ_గుడి_వీధి
ఈ కొలతల గోలే నాకు నచ్చదు. ఎన్నో ఏళ్లుగా యువజన సంఘాలతో పనిచేస్తున్నా. ఇంట్లో నాన్న ఎదుట నోరెత్తని అమ్మాయి ఇప్పుడు ఒక్కతే బస్సెక్కి తిరుపతి వెళ్లి పరీక్ష రాసి వస్తోంది. దానికి ఎంత శాతం వేయాలి? మనుషుల మార్పుకు కాలమ్‌లు గీయడం మొదలుపెట్టాక కార్యకర్తలు పిల్లల ముఖం చూడటం మానేసి ట్యాబ్ చూస్తున్నారు. సాయంత్రం రెండు గంటల క్లాసులో అరగంట ఫారాలకే పోతోంది.

పద్మావతి_క్యాంపస్
గంగమ్మ గుడి అన్నా, మీరు చెప్పిందే అసలైన కొలత! ‘గత మూడు నెలల్లో తోడు లేకుండా ఊరు దాటి వెళ్లి పని చూసుకుని వచ్చావా?’ అవును, కాదు. చేరిన రోజు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి అడగండి. ఇది ‘నీ ఆత్మవిశ్వాసానికి 5కి ఎన్ని మార్కులు వేసుకుంటావు’ కన్నా వంద రెట్లు మేలు.

ఆ మార్కుల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. చేరిన రోజు ‘నీకు కంప్యూటర్ ఎంత వచ్చు’ అంటే ఫోన్ బాగా వాడే అబ్బాయి 4 వేసుకుంటాడు. ఆరు నెలలు ఎక్సెల్ నేర్చుకుని, తనకు రానిది ఎంతుందో తెలిశాక 3 వేసుకుంటాడు. షీటులో చూస్తే మీ క్లాసు వల్ల వాడి కంప్యూటర్ జ్ఞానం తగ్గిపోయినట్టు కనబడుతుంది.

బ్యానర్_బాలు
మా కేంద్రంలో అచ్చం ఇదే జరిగింది. పాపం, సార్ రెండు రోజులు అన్నం మానేశాడు.

ఏర్పేడు_ఎక్సెల్
పద్మావతి గారి మాటను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తా. అడగడం కన్నా చేయించి చూడటం మేలు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి పిల్లల ఇళ్లకు వెళ్లి చేస్తున్నది అదే. ‘నీకు చదవడం వచ్చా’ అని అడగరు. రెండో తరగతి స్థాయి పాఠం చేతికిచ్చి చదివిస్తారు.

2023లో వాళ్లు 14–18 ఏళ్ల వాళ్ల మీద ‘బియాండ్ బేసిక్స్’ చేశారు. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు, 34,745 మంది. పావువంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. రోజువారీ పనులు కూడా చేయించారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది సూచనలు చదివి జవాబు చెప్పడం, స్కేలుతో పొడవు కొలవడం, అలాంటివి. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెడితే 85 శాతం సరిగ్గా కొలిచారు. అదే వస్తువును సున్నా నుంచి కాస్త జరిపితే 39 శాతమే. ‘కొలవడం వచ్చా’ అని నోటితో అడిగుంటే అందరూ వచ్చనే అనేవాళ్లు.

మీ కేంద్రానికి ఇలాంటివి నాలుగైదు తయారు చేసుకోండి. ఫోన్‌లో ఉద్యోగ దరఖాస్తు నింపి రెజ్యూమె జతచేయడం. జీతం స్లిప్ ఇచ్చి పీఎఫ్ పోగా చేతికి ఎంతొస్తుందో చెప్పించడం. ఒకరోజు శిక్షణ ఇస్తే వాలంటీర్లే చేయించగలరు. కాకపోతే క్లాసు చెప్పిన టీచరు చేత మాత్రం పరీక్ష పెట్టించొద్దు. ఎంత మంచివాళ్లైనా తమ పిల్లలకు జవాబులు అందించేస్తారు.

నైట్‌షిఫ్ట్_నాగలాపురం
నిధుల లెక్కలు నాకు తెలీవు. అవతలి వైపు నుంచి చెప్తా. ఇలాంటి ఒక సెంటర్లోనే (పేరెందుకులే) నేర్చుకున్నా. కోర్సు అయ్యాక ఫ్యాక్టరీలో ‘ప్లేస్‌మెంట్’. ఆఫర్ లెటర్ పట్టుకుని బ్యానర్ ముందు ఫొటో తీశారు. పికప్ బస్సు తెల్లారుజామున నాలుగున్నరకు మెయిన్ రోడ్డుకొస్తుంది. మా ఊరు అక్కడికి మూడు కిలోమీటర్లు. హాస్టల్లో ఉందామంటే జీతంలో దానికే చాలా పోతుంది. వారం డే షిఫ్ట్, వారం నైట్. రెండో నెలలో జ్వరం వచ్చి పడుకున్నా, మళ్లీ పోలేదు. సెంటర్ నుంచి ఒక్క ఫోన్ రాలేదు. వాళ్ల రిపోర్టులో నా ఫొటో ఉందని తర్వాత ఒక ఫ్రెండ్ చూపించాడు. ‘ఉద్యోగం పొందిన యువకుడు’ అని కింద రాసుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు పుత్తూరులో మందుల షాపులో పనిచేస్తున్నా. స్టాకు, ఎక్స్‌పైరీ తేదీలు, బిల్లులు అన్నీ ఎక్సెల్‌లో నేనే చూస్తా. ఓనరు అందుకే జీతం పెంచాడు. ఆ ఎక్సెల్ నేర్పింది ఆ సెంటరే! నాకు నిజంగా పనికొచ్చింది ఏ రిపోర్టులోనూ లేదు. లేనిది మాత్రం ఫొటోతో సహా ఉంది.

పాకాల_లైన్
తమ్ముడూ, నీ పోస్టు మా స్టాఫ్ గ్రూపులో పెట్టుకోవచ్చా? ఊరి పేరు తీసేస్తా.

నైట్‌షిఫ్ట్_నాగలాపురం
పెట్టుకోండక్కా. ఊరి పేరు ఉన్నా పర్లేదు.

ఆఫర్_లెటర్
నాగలాపురం తమ్ముడి కథ రోజూ చూసేదే. ఆఫర్ లెటర్‌ని ఉద్యోగంగా లెక్కేయడమే అసలు రోగం. కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన గ్రామీణ యువత ఉద్యోగ శిక్షణ పథకం డీడీయూ-జీకేవైలో ఉద్యోగంలో చేరాక ఏడాది వరకూ ఆ మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టుకుని ఉండాలని పెట్టారు. జీతం స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. అదీ పక్కాగా నడుస్తుందని అనను. కానీ మూడో నెల, ఆరో నెల, ఏడాది అని గడులు పెట్టుకుంటే కనీసం మనవాళ్లు ఎక్కడ జారిపోతున్నారో కనబడుతుంది. రెండో నెలలోనే పదిమంది మానేశారంటే లోపం మన క్లాసులో కాదు, బస్సు టైములో ఉందని తెలుస్తుంది.

కుప్పం_ప్యాసింజర్
ఏడాది తర్వాత వెతకాలంటే దొరకాలి కదా. మా దగ్గర సగం మంది బెంగళూరు రైలెక్కేస్తారు. సిమ్ మారుతుంది. ఆఫర్ అయిపోగానే నంబరు పడేస్తారు.

పద్మావతి_క్యాంపస్
దొరుకుతారు, మొదటి రోజే దానికి ఏర్పాటు చేసుకుంటే. ‘యంగ్ లైవ్స్’ అని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే అధ్యయనం ఒకటి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరిస్తూ వస్తోంది. ఏడాది వయసులో చూసిన పాపను పెళ్లీడు దాకా మళ్లీ మళ్లీ వెతికి పట్టుకున్నారు. దానిలో మన పద్మావతి మహిళా యూనివర్సిటీ కూడా భాగస్వామి. అలాంటి పని మన ఊళ్లోనే నేర్చుకోవచ్చు.

కిటుకు చిన్నదే. అభ్యర్థి నంబరు ఒక్కటే కాదు, అమ్మది, మేనమామది, ఊళ్లో కిరాణా కొట్టుదో ఆశా కార్యకర్తదో రాసుకోండి. సంక్రాంతికి అందరూ ఇంటికొస్తారు. వెతుకులాట ఆ వారంలో పెట్టుకోండి.

మామిడితోట
టైము సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. చిత్తూరు జిల్లాలో జూన్, జూలై నెలల్లో బేస్‌లైన్ (మొదటి కొలత) చేయొద్దు. తోతాపురి మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీలు నడుస్తుంటాయి. కూలికి పోవాల్సిన పిల్లలు క్లాసుకు రారు. వచ్చేవాళ్లు కాస్త ఉన్నవాళ్లు. వాళ్లను కొలిచి ‘మొదటి స్థాయి’ అని రాసుకుంటే, కోతలయ్యాక మిగతావాళ్లు వచ్చేసరికి సగటు పడిపోతుంది.

తిరుపతి టౌన్లో దీనికి తిరగబడ్డ లెక్క. బ్రహ్మోత్సవాలప్పుడు ‘పని దొరికిందా’ అని అడిగితే లాడ్జీల్లో, హోటళ్లలో, ట్యాక్సీల మీద అందరికీ పనే. ఆ నెలలో ఎండ్‌లైన్ (చివరి కొలత) చేసి ఉపాధి పెరిగిందని రాసేవాళ్లను చూశాను. ఏడాది తిరిగాక అదే నెలలో అడిగి పోల్చితేనే అర్థం ఉంటుంది.

గంగమ్మ_గుడి_వీధి
గంగమ్మ జాతర వారాన్ని కూడా వదిలేయండి. మాతంగి వేషం వేసినవాణ్ణి పట్టుకుని ఫారం నింపమంటే మీకే తిట్లు పడతాయి.

పాకాల_లైన్
‘మేం లేకపోతే ఏమయ్యేది’ అని స్టాట్స్ గారు అడిగిన దానికి చిన్న సంస్థ ఏమైనా చేయగలదా? కొందరికి నేర్పి, కొందర్ని ఊరికే కొలవడానికి వదిలేయడం న్యాయమేనా?

ఎస్వీయూ_స్టాట్స్
మన ఉమ్మడి రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వ పాఠశాలల్లో టీచర్లకు బోనస్ ఇస్తే చదువు మెరుగవుతుందా అని పరీక్షించారు. ఏ బడికి బోనస్, ఏ బడికి లేదు అన్నది లాటరీ తీశారు. రెండేళ్ల తర్వాత రెండు గుంపుల్నీ పోల్చారు. 2011లో ఆ వ్యాసం అచ్చయింది. లాటరీ వల్ల లాభమేమిటంటే, రెండు గుంపులకూ అదే వాన, అదే ధరలు, అదే శ్రీసిటీ. తేడా వచ్చిందంటే కార్యక్రమం వల్లే.

మీ స్థాయిలో ఎవర్నీ వదిలేయక్కర్లేదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ వస్తున్నాయా? వస్తుంటే అర్హులందరి పేర్లతో చీటీలు వేసి సగం మందిని ఈ బ్యాచ్‌లో, సగం మందిని వచ్చే బ్యాచ్‌లో చేర్చుకోండి. రెండో సగం వచ్చేలోపు రెండు గుంపుల్నీ కొలిచి పోల్చండి. అందరికీ అందుతుంది. సిఫారసులతో ముందు చేరడం కన్నా చీటీ న్యాయం కూడా. సీట్లకు సరిపడా కూడా రాకపోతే ఈ పద్ధతి కుదరదు, ఫలితాలతో సరిపెట్టుకోండి.

సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఉన్న క్రియా యూనివర్సిటీ, లాటరీ పరీక్షలకు పేరుమోసిన పరిశోధన సంస్థ జే-పాల్ దక్షిణాసియా విభాగం రెండూ ఐఎఫ్ఎంఆర్ (ఆర్థిక, నిర్వహణ పరిశోధన సంస్థ) కుటుంబమే. మన గుమ్మం ముందున్న విద్య ఇది. భయపడాల్సిందేం లేదు.

ఆడిటరన్న
అన్నీ బాగున్నాయి, డబ్బెవరిస్తారు? ఫోన్లు, ప్రయాణాలు, సర్వే చేసేవాళ్ల దినసరి భత్యం. బడ్జెట్‌లో ‘మానిటరింగ్’ అని ప్రత్యేక పద్దు లేకపోతే ఇదంతా కోఆర్డినేటర్ జేబులోంచే పోతుంది. విదేశీ నిధులైతే ఇంకా ఇరుకు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. రిపోర్టులు రాసి దాఖలు చేసే ఖర్చు కూడా అందులోకే వస్తుంది.

ఇంకోటి, యూసీని (యుటిలైజేషన్ సర్టిఫికెట్) ఇంపాక్ట్ రిపోర్టుతో కలపొద్దు. ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని యూసీ చెబుతుంది. ఆ పని వల్ల ఎవరికి ఏం ఒరిగిందో చెప్పదు. యూసీ మచ్చలేకుండా ఉండీ ఎవరికీ ఏమీ ఒరగని కార్యక్రమాలు నా బీరువాలో చాలా ఉన్నాయి.

ఎస్వీయూ_స్టాట్స్
డబ్బు తక్కువైతే 240 మందికీ ఫోన్ చేసి సగంలో వదిలేయకండి. చీటీలు తీసి 40 మందిని ఎంచుకుని, ఆ 40 మందినీ ఇంటికెళ్లి మరీ పట్టుకోండి. దొరికినవాళ్లనే లెక్కేస్తే బాగున్నవాళ్లే దొరుకుతారు. ‘40 మందిని వెతికాం, 33 మంది దొరికారు, 19 మంది పనిలో ఉన్నారు’ అని అలాగే రాయండి. శాతం వేయొద్దు. 40 మందితో లెక్క అంటే అటూ ఇటూ 15 పాయింట్లు తేడా ఉండొచ్చు. కాబట్టి శాతం లెక్కేసి చూసినా, గతేడాది 58 శాతం, ఈ ఏడాది 63 శాతం అయితే అది పెరిగినట్టు కాదు.

నగరి_మగ్గం
విజయగాథల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వైపు ఒక సంస్థ, ఒక అమ్మాయి ఫొటో వేసి ‘బాల్య వివాహం నుంచి బయటపడింది’ అని ఊరి పేరుతో సహా రాసింది. పీడీఎఫ్ ఎవరో ఊళ్లో వాట్సాప్ గ్రూపులో పడేశారు. ఆ ఇంట్లో నెలరోజులు గొడవ. పిల్ల కాలేజీ మానేసింది. సంతకం తీసుకున్నామన్నారు. ఎక్కడ, ఎవరు చూస్తారో చెప్పకుండా తీసుకున్న సంతకం అది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండని వాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ పిల్లకు మనం మేలు చేయడానికే కదా వెళ్లింది.

సీఎస్ఆర్_డెస్క్
నగరి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ముఖం, ఊరు లేకుండా పంపండి. మా డిజైనర్‌కు నచ్చకపోతే నేను మాట్లాడతాను. ఆధార్ కాపీల జాబితా ఈమెయిల్‌లో పంపే అలవాటు కూడా మానండి. మాకు అక్కర్లేదు.

పాకాల_లైన్
మా సార్‌తో కూర్చుని మాట్లాడాం. ఈసారి షీటులో హాజరు, కోర్సు పూర్తిచేసినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు కారణాలతో సహా రాస్తున్నాం (మానేసిన ఆడపిల్లల్లో ఎక్కువమందికి బస్సే సమస్య, అది ఇప్పటిదాకా మేమూ ఒకచోట రాసి చూడలేదు). ‘జీవితాలు మారాయి’, ‘ఆత్మవిశ్వాసం’ గడుల్లో ‘సేకరించలేదు’ అనే పెడుతున్నాం. వాటితో పాటు వచ్చే ఏడాదికి ఒక పేజీ ప్రణాళిక. నాలుగు పనులు చేయించి చూడటం, 40 మంది చీటీ, సంక్రాంతి వెతుకులాట, మానిటరింగ్ పద్దు. ఆదాయం గడి ఒక్కటే తేలడం లేదు.

మామిడితోట
ఆదాయం అడగొద్దు. మాకే తెలీదు ఏడాదికి ఎంతొచ్చిందో. తోతాపురి ధర పడిపోయిన ఏడాది మీ రిపోర్టులో ‘ఆదాయం తగ్గింది’ అని వస్తుంది. దానికీ మీ కంప్యూటర్ క్లాసుకీ ఏం సంబంధం?

ఆఫర్_లెటర్
కుటుంబానిది వద్దు గానీ ఆ పిల్లాడి జీతం అడగాలి. నాగలాపురం తమ్ముడికి ఎక్సెల్ వల్ల జీతం పెరిగిందని తెలిసింది ఎలా? అడిగితేనే కదా.

మామిడితోట
తమ్ముడు తనంతట తాను చెప్పాడు, మీరు అడిగితే కాదు. ఇంటికొచ్చి జీతం అడిగితే రేషన్ కార్డు పోతుందేమోనని భయపడి తక్కువ చెప్తారు.

ఆఫర్_లెటర్
నెల జీతం అంకె వద్దు. ‘చేరినప్పటికీ ఇప్పటికీ పెరిగిందా, తగ్గిందా, అంతేనా’ అని అడుగుదాం. పెరిగితే దేనివల్ల అనుకుంటున్నావు అని ఇంకో ప్రశ్న.

పాకాల_లైన్
ఇది కుదిరేలా ఉంది. ఫారం రాసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతా. మామిడితోట గారూ, భయపెట్టే ప్రశ్న ఏదైనా ఉంటే చూసి కొట్టేయండి.

మామిడితోట
పెట్టండి. మా అబ్బాయి చేత కూడా నింపించి చూస్తా.